పాత సినిమా కొత్త టీవీలో సీరియల్‌లా కనిపిస్తోంది, ఏం చేయాలి?

మొన్న ఇంట్లో 1957 నాటి ‘మాయాబజార్’ నలుపు తెలుపు ప్రతి చూశాను. (2010లో వచ్చిన రంగుల ప్రతి నాకు రుచించదు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ చూపిన వెన్నెలకు రంగెందుకు?) ‘లాహిరి లాహిరి’లో పడవ కదలిక మరీ నున్నగా, నిన్న తీసిన సీరియల్‌లా ఉంది. సెకనుకు 24 ఫ్రేముల సినిమాకు టీవీ తనే మధ్యలో ఫ్రేములు కల్పించి చేరుస్తుందని తెలిసి, సెట్టింగుల్లో దాన్ని ఆపేశాను. పెన్‌డ్రైవ్‌లో చూస్తే బాగుంది, సెట్‌టాప్ బాక్సు పెడితే మళ్లీ అదే వరస. ఒక్కో ఇన్‌పుట్‌కూ విడిగా మార్చాలా?

పైగా బొమ్మ అడ్డంగా సాగిపోతోంది. ఎస్.వి. రంగారావు విగ్రహానికి ఆ సాయం అక్కర్లేదు కదా! అసలు కొలతకు తేవాలంటే మార్చాల్సింది టీవీలోనా, బాక్సులోనా? తెలిసినవారు దయచేసి చెప్పండి.