పార్కు నిర్వహణ ఖర్చును బడ్జెట్‌లో ఏ పద్దు కింద అడగాలి?

ప్రశ్న (ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి):
అందరికీ నమస్కారం. మా పట్టణంలో వార్డు కమిటీ తరఫున రాబోయే ఆర్థిక సంవత్సరపు బడ్జెట్‌కు ప్రతిపాదనలు సిద్ధం చేస్తున్నాము. మా వార్డులోని ఎకరం పార్కు ఒక ప్రభుత్వ పథకం నిధులతో ముచ్చటగా తయారైంది. ఇప్పుడు ఊయల గొలుసు తెగితే దాన్ని పై కడ్డీకి చుట్టి వదిలేశారు, బోరు మోటారు కాలిపోయింది, గడ్డి ఎండిపోయింది. కొత్త పార్కు అడగడం కంటే ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే ముఖ్యమని నా గట్టి నమ్మకం. నిర్వహణ ఖర్చు ఎలా లెక్కకట్టాలి? ఎక్కడి నుంచి అడగాలి?

జవాబు (బరంపురం నుంచి):
మీరు సరైన చోటే పట్టుకున్నారు. పార్కులు, తోటలు, ఆటస్థలాలు రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు చెప్పిన పనుల్లోనే ఉన్నాయి కాబట్టి, అడిగే హక్కు గురించి సందేహం అక్కర్లేదు. చిక్కంతా పద్దులలో ఉంది. ఊయలలు, నడకదారి మూలధన వ్యయం, అంటే ఒకసారి పెట్టి ఆస్తిని సమకూర్చుకునే ఖర్చు; మాలీ జీతం, కరెంటు బిల్లు, మరమ్మతులు రెవెన్యూ వ్యయం, అంటే ఏటా నడపడానికి అయ్యే ఖర్చు. 2015లో పట్టణ వసతుల కోసం మొదలైన కేంద్ర పథకం అమృత్‌లో 2.5 శాతం వరకు నిధులు పచ్చదనానికి, పార్కులకు కేటాయించినా, వాటితో సిబ్బందికి జీతాలు ఇవ్వడానికి వీలు ఉండేది కాదు. 2021-26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం చిన్న నగరాలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపడినవి. మిగిలిన 40 శాతాన్నీ జీతాలకు వాడకూడదన్నారు. అందుచేత మాలీ జీతం హోల్డింగ్ ట్యాక్స్ (ఇళ్లు, స్థలాల మీద వేసే పన్ను) వంటి పురపాలక సంస్థ సొంత రాబడి నుంచే రావాలి, ఆ మాట ప్రతిపాదనలో స్పష్టంగా రాయండి.

ఇక నీటి లెక్క. ఎకరమంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అందులో సగం గడ్డి అనుకుని, ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజుకు అయిదు లీటర్ల చొప్పున చూస్తే పది వేల లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు రెండు కావాలి. నెలకు అరవై ట్యాంకర్ల అద్దె ముందు, కాలిన మోటారుకు వైండింగ్ చేయించే ఖర్చు ఎంత చిన్నదో మీ కౌన్సిలర్ గారికి పక్కపక్కన రాసి చూపించండి.

జవాబు (పర్లాకిమిడి నుంచి):
పై మిత్రులు చెప్పినదానికి తుఫాను పద్దు కూడా చేర్చాలి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే, అంటే ఆర్థిక సంవత్సరం సగం గడిచాక వచ్చాయి. కూలిన చెట్లను కోసి ఎత్తే కూలీకి, విరిగిన కంచెకు కొంత సొమ్ము విడిగా ఉంచకపోతే మాలీ జీతానికి పెట్టిన డబ్బే అటు మళ్లుతుంది. గడ్డి వైశాల్యం తగ్గించి వేప, కానుగ నాటితే నీటి ఖర్చు ఏటా తగ్గుతుంది. ప్రవేశ రుసుము పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం దయచేసి ఒప్పుకోకండి. వేరే ఆటస్థలం లేని పిల్లలే మొదట గేటు బయట ఆగిపోతారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మోటారు, మాలీ, ఊయల మరమ్మతు, తుఫాను ఖర్చు వేర్వేరు పద్దులుగా రాసి, కొత్త పార్కు ప్రతిపాదనను ఈ ఏటికి పక్కన పెట్టమని కమిటీని కోరతాను. వారానికొక సెలవు రోజున మాలీకి బదులు మనిషిని కూడా లెక్కలో చూపాలా?

జవాబు (బరంపురం నుంచి):
తప్పకుండా చూపాలి. మా ప్రాంతంలో జనం ఎక్కువగా వచ్చేది ఆదివారమే, ఆ రోజే గేటుకు తాళం ఉండకూడదు.