82లో వైజాగ్‌లో ఈ ఎల్విస్ వేషాలేంటి? తెలిసినవాళ్లు చెప్పండి

ఎంవీపీ_కుర్రాడు:
మా మేనమామ ఆల్బమ్‌లో ఒక ఫొటో దొరికింది. ఆర్కే బీచ్‌లో నలుగురు, అందరి జుట్టుకీ నూనె కారేంత పఫ్, గొట్టం ప్యాంట్లు, ఒకాయన మెడలో బూటు లేసంత సన్నటి టై. వెనక 1982 అని రాసుంది. అడిగితే "అప్పట్లో మేం టెడ్డీలం రా" అని నవ్వి ఊరుకున్నాడు. 82 అంటే డిస్కో రోజులు కదా, ఎల్విస్ 77లోనే పోయాడు. పాత క్యాసెట్లు కూడా ఒక డబ్బా నిండా ఉన్నాయి, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించొచ్చా?

పాత_వాల్తేరు:
మీ మామయ్య ఎవరో తెలీదు గానీ మా బ్యాచ్ వేషమూ అదే బాబూ. టెడ్డీ బాయ్స్ అంటే 50ల మొదట్లో లండన్ కుర్రాళ్లు, పొడుగు కోటూ గొట్టం ప్యాంటూ రాక్ అండ్ రోల్ కంటే ముందే వేశారు. 70ల్లో అక్కడ ఆ పిచ్చి మళ్లీ లేచింది. 72లో వెంబ్లీ స్టేడియంలో చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, బిల్ హేలీ లాంటి అమెరికా రాక్ అండ్ రోల్ గాయకులంతా ఒకే రోజు పాడారు, 76లోనైతే రేడియోలో రాక్ అండ్ రోల్ పాటలు వెయ్యడం లేదని బీబీసీ మీదకి ఊరేగింపుగా వెళ్లారు! తర్వాత స్ట్రే క్యాట్స్ అని న్యూయార్క్ దగ్గర పుట్టిన బ్యాండ్, సొంతూళ్లో పట్టించుకోక 80లో లండన్ వెళ్లి పేరు తెచ్చుకుంది.

మనకి ఇదంతా కలగాపులగంగా వచ్చింది. ఓడల్లో పనిచేసేవాళ్లు తెచ్చిన ఎల్‌పీ రికార్డుల నుంచి ఎక్కించిన క్యాసెట్‌లో ఒకవైపు 56 నాటి పాట, దాని పక్కనే 81 నాటిది, ఏది పాతదో ఏది కొత్తదో మాకు తెలిసేది కాదు, తెలుసుకోవాలనీ ఉండేది కాదు. రైల్వే కాలనీ ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో మాత్రం పెద్దవాళ్లు జైవ్ డాన్స్ ఎప్పుడూ మానలేదు, వాళ్లకి ఇది మళ్లీ రావడం ఏంటి, పోయిందెప్పుడని!

అసలు కష్టం బట్టలతోనే. ఊరంతా బెల్ బాటమ్ కుట్టించుకుంటుంటే మేం బాటమ్ బిగించమంటే టైలరు "మడమ దూరదు బాబూ" అని గొడవ. ఉన్ని కోటు ఈ ఉక్కపోతలో వేస్తే చచ్చేవాళ్లం, కాబట్టి కోటు లేదు. పఫ్ బీచ్ గాలికి పది నిమిషాల్లో పడిపోయేది, అందుకని కొబ్బరినూనెలో కాస్త మైనం కరిగించి రాసేవాళ్లం. నిలబడేది గానీ తలస్నానం చేస్తే ఓ పట్టాన వదిలేది కాదు, దిండు గలీబు గురించి మా అమ్మ తిట్లు వేరే.

గాజువాక_గిటార్:
ఆ పాటల్లో వినిపించే ప్రతిధ్వని సౌండ్ గిటార్‌లో కావాలంటే డిలే పెడల్ (వాయించింది కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించే పరికరం) 120 మిల్లీసెకన్ల దగ్గర, ఒక్క రిపీట్ చాలు. మెంఫిస్‌లో ఎల్విస్ మొదట పాడిన సన్ స్టూడియో వాళ్లు రెండు టేప్ రికార్డర్లతో చేసింది దాదాపు ఇదే. నిలువు బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం) తీగని లాగి వదిలితే వచ్చే ఆ టక్ టక్ మాత్రం మామూలు బేస్ గిటార్‌లో ఎంత కొట్టినా రాదు.

లండన్_తెలుగోడు:
సరదా బాగుంది గానీ 1958లో నాటింగ్ హిల్‌లో వెస్టిండియన్లని వెంటపడి కొట్టిన గుంపుల్లో ఈ టెడ్డీలు చాలామంది ఉన్నారు. మనవాళ్లు ఆ వేషం వెయ్యడం నాకు ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది.

పాత_వాల్తేరు:
నిజమే మాస్టారు, క్యాసెట్‌తో పాటు ఆ కథలు రాలేదు. వచ్చినా పఫ్ మానేసేవాళ్లమా అంటే అనుమానమే. మాకు టెడ్డీల కంటే చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ ముఖ్యం, వాళ్లిద్దరూ నల్లవాళ్లే కదా.

ఎంవీపీ బాబూ, క్యాసెట్లు అప్పుడే ప్లేయర్‌లో పెట్టకు. మన ఊరి తేమకి టేపు మీద తెల్లటి బూజు పడుతుంది, అలాగే తిప్పితే హెడ్‌కి అంటుకుని మిగతావాటికీ పాకుతుంది. కిటికీలోంచి వెలుతురు పెట్టి చూడు, శుభ్రంగా ఉన్నవి వేరు చేసి, ఒకసారి చివరిదాకా ముందుకీ వెనక్కీ తిప్పి ఆ తర్వాత ఎక్కించు. బూజు పట్టినవి వేరే డబ్బాలో పెట్టు, పారెయ్యకు.