పొలం పనికి వెళ్లే షుగరు రోగులకు గ్లిమెపిరైడ్ ఇవ్వవచ్చా?

కోవూరు రైతుబిడ్డ:
షుగరుకు మొదట రాసే మెట్‌ఫార్మిన్ మాత్ర ఒక్కదానితో అది అదుపులోకి రాకపోతే మా వైపు వెంటనే గ్లిమెపిరైడ్ కలుపుతున్నారు. వేళకు తిండి లేని కూలీల విషయంలో ఈ అలవాటు మానాలని నా వాదన. ఈ మందు క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, కడుపులో అన్నం ఉందో లేదో దానికి పట్టదు. నాట్ల రోజుల్లో మా పిన్ని పొద్దున్నే మాత్ర మింగి, టీ మాత్రం తాగి మడిలోకి దిగింది. పదకొండు గంటలకల్లా చేతులు వణికాయి, ఒళ్లంతా చల్లటి చెమట, మాట తడబడింది. వడదెబ్బ అనుకుని పక్కవాళ్లు ఉప్పు మజ్జిగ తాగించారు. పడిపోయిన షుగరు మజ్జిగతో లేస్తుందా? ఆసుపత్రిలో చూస్తే 52. అసలు 70 కంటే తగ్గితేనే తక్కువ కింద లెక్క.

టంగుటూరు నుంచి:
మీ పిన్నిగారికి జరిగింది విని బాధ కలిగిందండీ. కానీ అది మాత్ర తప్పు కాదు, టిఫినుతో పాటే వేసుకోవాలని చెప్పనివారి తప్పు. చిన్న మోతాదుతో మొదలుపెడితే బాగా పనిచేసే మందు, పైగా చవక. మా ఊళ్లో పొగాకు గ్రేడింగుకు వెళ్లే ఆడవాళ్లకు ఖరీదైనవి రాసిస్తే సగం నెల వేసుకుని మానేస్తారు. షుగరు 300 మీద నడుస్తుంటే కళ్లు, కిడ్నీలు ఏం కావాలి?

నెల్లూరు మందుల షాపు:
ధర గురించిన మాట పాతబడిందండీ. మన దేశంలో కొత్త షుగరు మాత్రలైన డాపాగ్లిఫ్లోజిన్ మొదటి పేటెంటు 2020లో, సిటాగ్లిప్టిన్ పేటెంటు 2022లో ముగిశాయి. ఇప్పుడు ఎన్నో కంపెనీలు చేస్తున్నాయి, రేటు బాగా దిగింది. జనౌషధి దుకాణాల్లో ఇంకా తక్కువ. సిటాగ్లిప్టిన్ ప్రధానంగా తిన్న తరువాత షుగరు పెరిగినప్పుడే పనిచేస్తుంది కాబట్టి, మెట్‌ఫార్మిన్‌తో వాడితే షుగరు పడిపోవడం అరుదు. చీటీలో పాత పేరే ఉంటే మేము ఏం చేయగలం?

ఒంగోలు నర్సు:
కొత్తవన్నీ ఒకటే అనుకోకండి. డాపాగ్లిఫ్లోజిన్ గుండెకు, కిడ్నీకి మేలు చేస్తుంది, నిజమే. కానీ అది షుగరును మూత్రంలో పంపుతుంది, దానితో పాటు నీరూ పోతుంది. రోహిణి కార్తె ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసేవారు సొమ్మసిల్లే ప్రమాదం ఉంది. మర్మావయవాల దగ్గర దురద, ఫంగస్ వస్తే మా ఆడవాళ్లు సిగ్గుతో చెప్పరు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, ఉపవాసం ఉన్నా డాక్టరును అడిగి ఆపాలి. లేకపోతే షుగరు అంత ఎక్కువ లేకుండానే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

కోవూరు రైతుబిడ్డ:
నర్సుగారూ, మీ మాట నా వాదనకే బలం. ఏ మాత్ర అన్నది మనిషి పనిని బట్టి తేలాలి. టంగుటూరు వారు టిఫినుతో వేసుకోమంటున్నారు, చీకటితోనే ఆటో ఎక్కే కూలీకి టిఫిను ఎక్కడిది? మందు రాసే ముందు "పొద్దున ఎన్నింటికి తింటావు, ఎండలో పనా?" అని అడగడానికి నిమిషం పట్టదు. అరవై దాటినవారికి, కిడ్నీ దెబ్బతిన్నవారికి ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. ఎందుకంటే వారిలో గ్లిమెపిరైడ్ ప్రభావం ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇప్పటికే వాడుతున్నవారు సొంతంగా మానకండి, డాక్టరుతో మాట్లాడి మార్పించుకోండి. అప్పటిదాకా కొంగున చక్కెర పొట్లం ఉండాలి. వణుకు మొదలైతే మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగి, పావుగంట తరువాత మళ్లీ షుగరు చూసుకుని, అన్నం తినాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, 108కి ఫోను చేయండి. తేరుకున్నా ఆ పూట ఒంటరిగా వదలకండి. ఈ మాత్ర వేసుకున్నవారిలో కొన్ని గంటల తరువాత షుగరు మళ్లీ పడిపోవచ్చు.