కనుబొమ్మల టాటూ టచప్: నొప్పి ఎంత, ఎక్కడ, ఎప్పుడు ఆపమనాలి?

వెన్నెల_వాకిలి:
మైక్రోబ్లేడింగ్ (సన్నటి బ్లేడుతో చర్మంలో రంగు గీతలు గీసి కనుబొమ్మలు దిద్దడం) మొదటి సిట్టింగ్ అయి ఆరు వారాలు, టచప్ వచ్చే వారం. రెండోసారి నొప్పి తక్కువని కొందరు, ఎక్కువని కొందరు అంటున్నారు. నంబింగ్ (మొద్దుబార్చే) క్రీమ్ ఎంతసేపు ఉంచాలి, ఏ చోట ఎక్కువ తగులుతుంది, తర్వాత మంట ఎన్నాళ్ళుంటుంది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

సూది_సిరా:
రెండు మాటలూ నిజమేనండీ. మొదటిసారి కనుబొమ్మంతా గీస్తారు, టచప్‌లో రంగు నిలవని చోట్లు మాత్రమే పూరిస్తారు. అందుకే సూది పని మామూలుగా 20 నుంచి 40 నిమిషాల్లో అయిపోతుంది. కొలతలు, క్రీమ్ కలుపుకుంటే గంటా గంటన్నర. కానీ ఆ చోట్లలో చర్మం పైకి మానినట్టున్నా లోపల ఇంకా కుదురుకుంటూనే ఉంటుంది, కాబట్టి అదే గీత మీద మళ్ళీ సూది పడితే ఇంకాస్త చురుక్కుమంటుంది. 6 నుంచి 8 వారాల గడువు పెట్టేది ఇందుకే. నాలుగు వారాల లోపే రమ్మంటే ఒప్పుకోకండి. మానని చర్మం మీద గీస్తే నొప్పీ ఎక్కువే, మచ్చ కట్టే ప్రమాదమూ ఎక్కువే.

క్రీమ్ సరిగ్గా పనిచేసినప్పుడు పదికి రెండు, మూడు మార్కుల నొప్పి. చేతి బ్లేడుతో అయితే సన్నగా గీరినట్టు ఉంటుంది. దానికంటే చాలామందిని కంగారుపెట్టేది చప్పుడు. ఒక్కో గీతకీ కొత్త గుడ్డ చింపుతున్నట్టు సన్నటి చర్‌ర్‌ చప్పుడు పుర్రె ఎముక గుండా నేరుగా చెవికి చేరుతుంది. చప్పుడు పెద్దగా ఉందని గాయం లోతుగా ఉన్నట్టు కాదు. మెషిన్‌తో షేడింగ్ (చుక్కలుగా రంగు నింపడం) అయితే గీరుడు ఉండదు, కంపనం, ఆపైన నెమ్మదిగా పెరిగే మంట ఉంటాయి.

ఇక చోట్లు. ముక్కుదూలం వైపు కనుబొమ్మ మొదలు దగ్గర నుదుటి నరాలు ఎముక అంచు దాటి పైకి వస్తాయి. అక్కడ సూది పడగానే కన్ను నీరు కారుతుంది, కొందరికి తుమ్ము కూడా వస్తుంది. తుమ్ము వచ్చేలా ఉంటే చెయ్యి ఎత్తి సైగ చెయ్యండి, తల కదపకండి. కణత వైపు తోక దగ్గర చర్మం పలచన, కింద ఎముక, అందుకే అక్కడ పదునుగా తగులుతుంది. మధ్య భాగం తేలిక.

గుళికల_డబ్బా:
క్రీమ్ సంగతి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే, అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను.

చర్మం చిట్లకముందు రాసేది ఒకటి, చిట్లాక రాసేది వేరొకటి. మొదటిది లిడోకెయిన్ (మొద్దుబార్చే మందు) 4 శాతం క్రీమ్. ముందు జిడ్డు పోయేలా తుడవాలి, జిడ్డు ఉంటే మందు లోపలికి దిగదు. పలచగా ఒక పూత వేలితో రుద్ది, దాని మీద మందంగా ఇంకో పూత వేసి, ప్లాస్టిక్ పొర కప్పి 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. లిడోకెయిన్, అలాంటిదే ప్రిలోకెయిన్ చెరో 2.5 శాతం ఉన్న క్రీమ్‌కి మామూలు చర్మం మీద కనీసం గంట పడుతుంది. ఏదైనా ట్యూబు మీద ఉన్న సమయమే లెక్క. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ మొద్దుబారుతుందనుకోవడం తప్పు. చర్మం తెల్లబారి, ఉబ్బి, రబ్బరులా తయారవుతుంది, గీత సరిగ్గా పడదు, రంగు నిలవదు.

లిడోకెయిన్ 4 శాతం కంటే గాఢమైనవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. తెచ్చుకోకండి. టాటూలకీ ఇలాంటి పనులకీ అమ్మే ఇటువంటి క్రీములు గుండె లయ తప్పడానికి, మూర్ఛకి, ఊపిరి ఇబ్బందికి దారితీయవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 మార్చిలో హెచ్చరించింది. ఇంట్లో రాసుకుని బయలుదేరడం అసలే వద్దు. చెమటతో జారి కంట్లో పడితే ఈ క్రీముల్లో కొన్నిటికి ఉన్న క్షార గుణం కంటి నల్లగుడ్డు మీది పొరను కాలుస్తుంది. కాంటాక్ట్ లెన్సులు ముందే తీసెయ్యండి. పొరపాటున పడితే వెంటనే నీళ్ళతో బాగా కడిగి కంటి డాక్టరుకి చూపించాలి.

వెన్నెల_వాకిలి:
సగంలో మొద్దు వదిలిపోతే మళ్ళీ అదే క్రీమ్ రాయొచ్చా?

గుళికల_డబ్బా:
వద్దండీ. చిట్లిన చర్మం గుండా మందు రక్తంలోకి చాలా ఎక్కువగా వెళ్తుంది. అక్కడ వాడేది జెల్. అందులో లిడోకెయిన్‌తో పాటు ఎపినెఫ్రిన్ కూడా ఉంటుంది. రాయగానే అర నిమిషం భగ్గుమంటుంది, 2 నుంచి 5 నిమిషాల్లో ఆ చోటు చల్లబడ్డట్టు అవుతుంది. ఎపినెఫ్రిన్ రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి రక్తం, ఎరుపు తగ్గుతాయి, మందు అక్కడే ఎక్కువసేపు నిలుస్తుంది. దానితో కొందరికి గుండె దడ వస్తుంది. బీపీ, గుండె జబ్బు, థైరాయిడ్ ఎక్కువ ఉన్నవాళ్ళు కుర్చీ ఎక్కకముందే చెప్పాలి. మొదటి సిట్టింగ్‌లో క్రీమ్‌కి దద్దురు వచ్చి ఉంటే అదీ చెప్పాలి.

సూది_సిరా:
దీనికి ఒకటి కలుపుతాను. మొదటి వరస గీతలు తేలిగ్గా పడగానే జెల్ పెట్టమని అడగండి, చిట్లిన చోటే అది పనిచేస్తుంది. మంట ముదిరాక పెడితే ఫలితం సగమే.

చర్మం బిగించి పట్టుకోవడం కూడా నొప్పిలో పెద్ద భాగమే. చర్మాన్ని మూడు వైపులా లాగి పట్టుకుంటే గీత ఒక్కసారికే పడుతుంది. వదులుగా ఉంటే బ్లేడు తడబడుతుంది, అదే గీత మీద మూడు నాలుగుసార్లు తిరగాల్సి వస్తుంది. మీరు నుదురు ముడిచినా ఇదే జరుగుతుంది. గీత పడేటప్పుడు ఊపిరి మెల్లగా వదలండి, నుదురు దానంతటదే వదులవుతుంది. మోకాళ్ళ కింద దిండు అడిగి పెట్టించుకోండి, నడుము పట్టేస్తే తల కదులుతుంది.

తెల్లకలువ:
ఏ నొప్పికి ఆపమనాలో ఎవరూ రాయలేదు, అదే అన్నిటికంటే ముఖ్యం. సూది దిగాల్సింది పైపొర దాటి దాని కింది పొర పైభాగం వరకే. గీత వెంట సూదిమొనంత రక్తపు చుక్కలు అక్కడక్కడా వస్తే ఫరవాలేదు. ధారగా కారుతుంటే, గీరుడు పోయి లోపలి నుంచి లాగుతున్నట్టు బరువుగా నొప్పి పుడుతుంటే, బ్లేడు లోతుకి వెళ్తోంది. రక్తం రంగుని కడిగేస్తుంది, మిగిలిన రంగు కొన్నాళ్ళకి నీలం బూడిద రంగులోకి తిరుగుతుంది. మొహమాటపడకుండా ఆపమనండి. పళ్ళు బిగించి ఓర్చుకుంటే మంచి రంగు రాదు.

ఖాళీ కడుపుతో వెళ్ళకండి, కళ్ళు తిరుగుతాయి. ముందు రోజు నుంచి మద్యం, ఆ రోజు కాఫీ వద్దు. నెలసరికి అటూ ఇటూ రోజుల్లో ఎక్కువ తగులుతుందని చాలామంది అంటారు, వీలుంటే వారం జరుపుకోండి. దారంతో తీయించుకోవడం, వ్యాక్స్ రెండు మూడు రోజుల ముందు ఆపాలి. రెటినాల్ (ముఖానికి రాసే విటమిన్ ఎ క్రీమ్) కూడా ఆపాలి, ఎన్నాళ్ళ ముందో చేసేవాళ్ళనే అడగండి. డాక్టరు రాసిన రక్తం పలచబరిచే మందులు మాత్రం సొంతంగా ఆపకూడదు, ఆయన్ని అడగాల్సిందే.

సూది_సిరా:
తర్వాతి సంగతి. మొద్దు రెండు మూడు గంటల్లో వదులుతుంది. అప్పటి నుంచి ఒక రోజు ఎండకి కమిలినట్టు మంట, బిగుతు ఉంటాయి. మొదటి కొన్ని గంటలు లేత పసుపు రసి ఊరుతుంది. తడి దూదితో 10, 15 నిమిషాలకోసారి అద్దాలి, రుద్దకూడదు. రసి ఎండిపోతే మందమైన పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు ఊడేటప్పుడు రంగుని వెంట తీసుకుపోతుంది. మూడో రోజు నుంచి వారం, పది రోజుల దాకా దురద. నొప్పి కంటే ఈ దురదే విసిగిస్తుంది. గోరు తగలనివ్వకండి, బియ్యపు గింజంత ఆయింట్‌మెంట్ రెండు కనుబొమ్మలకీ సరిపోతుంది. దట్టంగా పూస్తే పెచ్చు మెత్తబడి ముందే ఊడుతుంది.

తెల్లకలువ:
ఆయింట్‌మెంట్ లేకుండా పొడిగా మాననిచ్చే పద్ధతి కూడా ఉంది, జిడ్డు చర్మానికి అదే నయమని నా అభిప్రాయం. ఏదైనా చేసినవాళ్ళు చెప్పిందే పాటించండి, రెండూ కలపకండి.

వెన్నెల_వాకిలి:
మంటకి మాత్ర వేసుకోవచ్చా?

గుళికల_డబ్బా:
మీకు పడేదైతే పారాసెటమాల్ చాలు. డాక్టరు రాయకుండా ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ ముందు రోజు నుంచే వద్దు, రక్తం ఎక్కువ కారుతుంది. మంట రోజురోజుకీ తగ్గాలి. మూడో రోజు దాటాక పెరుగుతుంటే, వేడిగా సలుపుతుంటే, చీము పట్టినా, ఎరుపు కంటి రెప్ప వైపు పాకినా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.