మా గ్రంథాలయ భవనం కాంక్రీటు గోడలకు గిలాబు చేయించవచ్చా?

ప్రశ్న: హనుమకొండ అధ్యాపకురాలు

నేను హనుమకొండలోని ఒక కళాశాలలో చరిత్ర బోధిస్తున్నాను. మా గ్రంథాలయ భవనాన్ని 1980ల తొలినాళ్లలో కట్టారు. బయటి గోడలకు గిలాబు లేదు, సున్నం లేదు, రంగు లేదు. సెంట్రింగు విప్పిన నాడు కాంక్రీటు ఎలా ఉందో ఈనాటికీ అలాగే ఉంది. మూడో అంతస్తు కింది అంతస్తుల కంటే దాదాపు ఒక బార ముందుకు పొడుచుకొని వచ్చింది. కిటికీల మధ్య నిలువునా పలుచని కాంక్రీటు పలకలు నిలబడి ఉంటాయి. మెట్ల గది మాత్రం భవనానికి అంటీముట్టనట్టుగా ఒక పక్కన బురుజులా లేచి, నెత్తిన నీళ్ల ట్యాంకును మోస్తూ ఉంటుంది. విద్యార్థులు దీనిని 'భూత్ బంగ్లా' అంటారు. వారిని తప్పుపట్టలేను, వానాకాలంలో కిటికీల కింద నల్లని చారలు దిగినప్పుడు అది అలాగే కనిపిస్తుంది.

అయితే ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్లి చూస్తే సెంట్రింగు చెక్కల అచ్చులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. మెట్ల దగ్గర, మనిషి భుజమంత ఎత్తులో, చెక్కలోని ముడి ఒకటి కాంక్రీటు మీద కన్నులా ముద్రపడింది. అటుగా పోయే పిల్లలు బొటనవేలితో రుద్దీ రుద్దీ దానిని నున్నగా చేశారు.

తనిఖీ బృందం వచ్చేలోగా ఈ గోడలన్నింటికీ గిలాబు చేయించి, పుట్టీ పెట్టించి, మీగడ రంగు వేయించాలని, ముందు వైపు ఏసీపీ షీట్లు (అల్యూమినియం పూత ఉన్న ప్లాస్టిక్ రేకులు) బిగించాలని యాజమాన్యం తీర్మానించింది. పడమటి వైపు ఒక పలకకు పెచ్చు ఊడి, జానెడు పొడవున తుప్పుపట్టిన చువ్వ బయటపడిన మాట నిజమే. ఆ రోజుల్లో డబ్బు చాలక గిలాబు వదిలేశారని కొందరు, కావాలనే అలా కట్టారని మరికొందరు అంటున్నారు. ఏది నిజమో గోడను చూసి తెలుసుకునే మార్గం ఉందా? గిలాబు వల్ల మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: కరీంనగర్ విశ్రాంత ఇంజనీరు

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు గోడే సమాధానం చెబుతుంది. గిలాబు చేయదలచుకున్న గోడకు మేస్త్రీ చెక్కలను శ్రద్ధగా పేర్చడు. పాతవీ కొత్తవీ, వెడల్పువీ సన్ననివీ కలిపి కొట్టేస్తాడు, ఎలాగూ కప్పేసేదే కదా అని. మీ గోడ మీద చెక్కల గీతలు స్తంభం నుంచి గోడకు, గోడ నుంచి మళ్లీ స్తంభానికి ఒకే మట్టంలో సాగుతున్నాయేమో చూడండి. ఒక రోజు పోసిన కాంక్రీటు ఆగిన చోట అడ్డదిడ్డపు గీతకు బదులు తిన్నని గాడి ఉందేమో చూడండి. సెంట్రింగును బిగించిన బోల్టుల రంధ్రాలు సమాన దూరాల్లో ఉన్నాయా అన్నది మూడో గుర్తు. ఈ మూడూ ఉంటే అది ఎవరో కాగితం మీద గీసి, పక్కన నిలబడి కట్టించిన గోడేనని నిస్సందేహంగా చెప్పవచ్చు. నిజానికి ఇటువంటి గోడ గిలాబు గోడ కంటే కష్టమైనది, ఎందుకంటే ఇందులో తప్పు దాచుకునే చోటు ఉండదు.

ఆ సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సైటులో ఇలాంటి స్తంభాలే పోయించాను. కాంక్రీటును కుదించే వైబ్రేటర్ సరిగ్గా ఆడించకపోవడం వల్ల ఒక స్తంభం అడుగున కంకర తేలి, తేనెతుట్టెలా బొందలు పడ్డాయి. రాత్రికి రాత్రి సిమెంటు పాలు కలిపి పూడ్పించి, పై అధికారికి తెలియదనుకున్నాను. రెండు వానలు పడేసరికి ఆ అతుకు మిగిలిన స్తంభం కంటే తెల్లగా తేలి, దారిన పోయే ప్రతివాడికీ కనిపించింది.

ఇక తుప్పు సంగతి. కొత్త కాంక్రీటులో క్షారగుణం ఎక్కువగా ఉండి, పీహెచ్ 12కు పైగా ఉంటుంది కాబట్టి లోపలి చువ్వకు తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి మెల్లగా లోపలికి దిగుతూ ఆ క్షారగుణాన్ని తగ్గిస్తుంది, పీహెచ్ 9 దాకా పడిపోయిన పొర చువ్వను చేరిన తరువాత తేమ తగిలితే చాలు, తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న పెచ్చును నెట్టేస్తుంది. కాంక్రీటు కట్టడాలకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ 1978 నాటి రూపం ప్రకారం స్లాబులకు 15 మిల్లీమీటర్ల కవరు, అంటే చువ్వ మీద కాంక్రీటు మందం, ఉంటే సరిపోయేది. 2000లో సవరించిన కోడ్ వాన తగిలే భాగాలకు 30 మిల్లీమీటర్లు అడుగుతోంది. మీ పలకలను పలుచని స్లాబుల లెక్కన కట్టి ఉంటారు, అందుకే స్తంభాల కంటే ముందు అవే దెబ్బతిన్నాయి.

ఒక చిన్న పరీక్ష చేయించండి. పెచ్చు ఊడిన చోటికి పక్కనే ఉలితో కొత్తగా చెక్కి, దుమ్ము ఊది, ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లండి. క్షారగుణం మిగిలిన చోట గులాబీ రంగు వస్తుంది, పోయిన చోట ఏ రంగూ రాదు. చువ్వ ఏ పొరలో ఉందో చూస్తే గోడ ఎంత ప్రమాదంలో ఉందో తెలిసిపోతుంది. అది చూడకుండా గిలాబు చేయించడమంటే పుండును కడగకుండా కట్టు కట్టడమే. పైగా ఆ కాలంలో సెంట్రింగు చెక్కలకు కాలిన ఇంజన్ ఆయిలు పూసేవాళ్లం. ఆ నున్నని గోడ మీద గిలాబు పట్టదు, నాలుగేళ్లకే పలకలు పలకలుగా ఊడి పడుతుంది.

జవాబు: వరంగల్ ఆర్కిటెక్ట్

పై పెద్దాయన చెప్పిన దానికి నిర్మాణశైలి వైపు నుంచి కొంత చేరుస్తాను. ఈ శైలిని బ్రూటలిజం అంటారు. పేరు విని క్రూరత్వమనుకుంటారు కానీ, ముడి కాంక్రీటుకు ఫ్రెంచివారు వాడే 'బెటాన్ బ్రూట్' అనే మాటతో దానికి చుట్టరికం. ఫ్రాన్స్‌లో 1952లో పూర్తయిన మార్సెయ్ నివాస భవనంలో ఆర్కిటెక్ట్ లె కార్బూజియే సెంట్రింగు గుర్తులను కప్పకుండా వదిలేశాడు. ఆ తరువాత చండీగఢ్‌లోనూ అదే చేశాడు. ఎండను ఆపే కాంక్రీటు పలకలు మన దేశంలోని కళాశాలలకు, కార్యాలయాలకు ఎక్కువగా అక్కడి నుంచే పాకాయి. ఐఐటీ కాన్పూర్‌లో ఆర్కిటెక్ట్ అచ్యుత్ కన్విందే 1960లలో కాంక్రీటు చట్రాన్నీ దాని మధ్య ఇటుకనూ దాచకుండా చూపించారు. మీ భవనాన్ని గీసినవారు ఈ గాలిలోనే చదువుకొని ఉంటారు.

మీ గోడ మీది చారల గురించి ఆలోచించినప్పుడు నాకు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్ట్ పాల్ రుడాల్ఫ్ 1963లో పూర్తిచేసిన కళ, నిర్మాణశాస్త్ర భవనం గుర్తుకొస్తుంది. అక్కడ గోడ మొత్తం నిలువు గట్లుగా పోసి, సెంట్రింగు విప్పాక పనివారు సుత్తులతో ప్రతి గట్టు అంచునూ చేత్తో పగలగొట్టారు. లోపలి కంకర బయటపడి గోడ గరుకైన కార్డురాయ్ గుడ్డలా తయారైంది. అది అందానికి మాత్రమే కాదు: వాన నీరు ఆ గట్ల మధ్య గాడుల్లోంచి దిగుతుంది కాబట్టి మరక ఒకచోట పేరుకొని వికారంగా కనిపించదు. మెట్లు, గొట్టాలు ఉండే నిలువు బురుజులను మూలల్లో పైకి లేపి, వాటి మధ్య అంతస్తులను అడ్డంగా వేలాడదీసినట్టు కట్టాడు. మీ మెట్ల గది కూడా ఆ వంశానిదే. ఆ భవనం 1969లో అగ్నిప్రమాదానికి గురైంది, చాలాకాలం దానిని తిట్టినవారే ఎక్కువ. చివరికి 2008లో మరమ్మతు చేసి, రుడాల్ఫ్ పేరే పెట్టారు. మన దగ్గర అంత ఓపిక లేదు. రాజ్ రేవాల్ రూపకల్పన చేసిన ఢిల్లీలోని కాంక్రీటు ప్రదర్శనశాల హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017లో నేలమట్టం చేశారు.

అలాగని మీ భవనంలో లోపాలు లేవనను. మందపాటి కాంక్రీటు మే నెల ఎండను పగలంతా తాగి సాయంత్రం గదిలోకి వదులుతుంది. కిటికీ గట్ల కింద నీరు తెగి పడటానికి సన్నని గాడి ఉండాలి, ఆ చారలను బట్టి చూస్తే అది లేదు, లేదా పూడిపోయింది. దానిని తెరిపిస్తే సగం నలుపు తగ్గుతుంది. ఏసీపీ షీట్లు మాత్రం వద్దు. ఎండను ఆపుతున్న పలకల మీద రేకు కప్పి, ఆ తరువాత ఏసీలు కొనడం ఏం లెక్క?

జవాబు: ములుగు విద్యార్థి

వేయిస్తంభాల గుడికి ఎవరూ మీగడ రంగు వేయరు కదండీ. రాయిని రాయిలా ఉంచినట్టే కాంక్రీటును కాంక్రీటులా ఉంచమని మీ యాజమాన్యానికి చెప్పండి.

తిరుగు జవాబు: హనుమకొండ అధ్యాపకురాలు

అందరికీ కృతజ్ఞతలు. ములుగు తమ్ముడి పోలిక ఆకర్షణీయంగా ఉన్నా, చరిత్ర చెప్పేదానిగా దానిని సమావేశంలో వాడలేను. కాకతీయుల శిల్పి నల్లరాతి స్తంభాన్ని అద్దంలా మెరిసేదాకా సానపట్టాడు, అంటే రాయిని ఉన్నదున్నట్టు వదిలేయలేదు. మా గోడ మీద ఉన్నది ఉలి పనితనం కాదు, పేరు తెలియని వడ్రంగి పేర్చిన చెక్కల అచ్చు. దానిని నిలుపుకోవడానికి ఆ కారణం చాలు, గుడి అండ అక్కర్లేదు.

పెద్దాయన చెప్పిన మూడు గుర్తులూ ఉన్నాయి. గాడి స్తంభాలను కూడా చుట్టి పోయింది. రసాయనశాస్త్ర విభాగం నుంచి ద్రావణం అడిగి తెచ్చి, మేస్త్రీతో రెండు చోట్ల చెక్కించాను. పడమటి పలకలో బొటనవేలి వెడల్పు లోతు వరకు రంగు రాలేదు, చువ్వ ఆ పొరలోనే ఉంది. ఉత్తరపు స్తంభంలో పై పొర దాటగానే గులాబీ రంగు తేలింది, చువ్వ ఇంకా చాలా లోపల ఉంది. ఆ ఫోటోలు చూశాక పడమటి పలకల మరమ్మతుకు ముందుగా అంచనా తెప్పించడానికి యాజమాన్యం ఒప్పుకుంది, ఏసీపీ షీట్లను ప్రస్తుతానికి పక్కనపెట్టింది. మీగడ రంగు మాట మాత్రం ఇంకా కార్యసూచిలోనే ఉంది.