అప్‌డేట్: ప్లేస్‌మెంట్ ఆఫీసర్ లేని డిగ్రీ కాలేజీలో ఏం చేయొచ్చు?

ప్లేస్‌మెంట్ ఆఫీసర్ లేని చోట అధ్యాపకులు, ఆఫీసు సిబ్బంది పిల్లల్ని ఉద్యోగాలకు ఎలా సిద్ధం చేయాలని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. అమలులో పెట్టాక తేలినవి ఇవి.

అన్నిటికన్నా అక్కరకొచ్చింది రెజ్యూమె వర్క్‌షాప్ కాదు, పేర్ల తనిఖీ. చాలామందికి పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క ఇనీషియలే. ఆఫర్ వచ్చాక వెరిఫికేషన్‌లో ఆగిపోయేది ఇక్కడే. మొదటి ఏడాది అడ్మిషన్లప్పుడే ఆఫీసువాళ్లు మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్ పక్కపక్కన పెట్టి చూడాలి. పదో తరగతి మెమోనే ఆధారం చేసుకుని మిగతావి దిద్దించాలి. చివరి సెమిస్టర్‌లో మొదలుపెడితే ఆలస్యమే.

రెండోది, ఏపీ డిగ్రీలో మొదటి ఏడాది తర్వాత చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. రికార్డు రాసి మూలన పడేస్తున్నారు. రెజ్యూమెలో "గ్రామ సర్వే చేశాను" అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. "60 ఇళ్లలో తాగునీటి వివరాలు సేకరించి, ఎక్సెల్‌లో పట్టిక వేసి, పంచాయతీకి ఇచ్చాను" అని రాయించండి. సంఖ్య, పనిముట్టు, ఫలితం మూడూ ఉండాలి. చేసిందే రాయాలి, ఇంటర్వ్యూలో మొదట తవ్వేది దాన్నే.

మాక్ ఇంటర్వ్యూకు మనిషికి 10 నిమిషాలు, ఆపైన 5 నిమిషాలు తప్పొప్పులు చెప్పడానికి. సొంత సబ్జెక్టు లెక్చరర్ అడిగితే పిల్లలు పాఠం అప్పజెబుతున్నారు. కామర్స్ వాళ్లను కెమిస్ట్రీ మేడమ్‌కి అప్పగించండి, విడమరచి చెప్పక తప్పదు.