స్కైరిమ్ ఇప్పుడే మొదలెట్టా, అప్పుడే నాలుగోసారి రీస్టార్ట్... ఎక్కడ తప్పు చేస్తున్నా?

పొద్దెరగనోడు:

అందరికీ నమస్తే. 2011 లో వచ్చిన గేమ్ ఇప్పుడా మొదలెట్టేది అని నవ్వకండి ప్లీజ్. ఇప్పటిదాకా నేను ఆడినవన్నీ కార్ రేసులు, షూటింగ్ గేమ్‌లే, వాటిల్లో ఎటెళ్ళాలో వాళ్ళే చెప్తారు, మనం తుపాకీ పట్టుకుని ముందుకి పోతే చాలు. ఇందులో ఏమో చేతులు కట్టేసి బండిలో తీసుకెళ్ళారు, తల నరికేలోపు డ్రాగన్ వచ్చి ఊరంతా తగలబెట్టింది, సరే బావుంది అనుకుంటూ ఆ గుహలోంచి బయట పడ్డానో లేదో ఇంక నీ ఇష్టం నాయనా అని వదిలేసింది. అక్కణ్ణించి కాళ్ళూ చేతులూ ఆడట్లేదు.

ఇందులో ముందు మన పాత్రకి ఒక జాతి (రేస్) ఎంచుకోవాలి, నేను మొదట నార్డ్ తో ఆడా. తర్వాత ఎక్కడో హై ఎల్ఫ్ కి మ్యాజికా (మంత్రాలు వేసే శక్తి) 50 ఎక్కువ అని చదివి మళ్ళీ మొదలెట్టా. అది ఒక్క దెబ్బకే చచ్చిపోతోందని ఓర్క్ తీసుకున్నా, ఇప్పుడు పిల్లి మొహం ఖజీట్ మీద ఉన్నా. ప్రతిసారీ లెవెల్ ఐదో ఆరో వచ్చేసరికి ఏదో తప్పు చేశాననిపించి డిలీట్ కొట్టేస్తున్నా. ఆ బండి సీన్ లో ఎవడు ఎప్పుడు ఏం మాట్లాడతాడో నాకు బట్టీ వచ్చేసింది.

అడగాలనుకున్నవి ఏంటంటే, రేస్ తప్పు తీసుకుంటే గేమ్ మొత్తం పాడైనట్టేనా, లెవెల్ పెరిగినప్పుడల్లా హెల్త్ మ్యాజికా స్టామినాల్లో ఒకటి ఎంచుకోమంటుంది కదా అది దేంట్లో వెయ్యాలి, పది నిమిషాలు తిరిగేసరికి బరువెక్కిపోయి ముసలాడిలా నడుస్తున్నా ఏం పారెయ్యాలో తెలీట్లేదు, మెయిన్ కథ ముందు చెయ్యాలా పక్క పనులు ముందు చెయ్యాలా. ఇంకోటి, వైట్‌రన్ ఊరి దగ్గర ఏనుగుల్లాంటి వాటిని మేపుకుంటూ ఒక పొడుగాటి మనిషి నిలబడున్నాడు, పలకరిద్దామని దగ్గరికెళ్తే ఒక్కటిచ్చాడు, నా శవం మేఘాల్లోకి వెళ్ళిపోయింది. అది బగ్గా?

పాతకత్తి:

బ్రో ముందు ఆ ఖజీట్ ని డిలీట్ చెయ్యకు. నీ జబ్బు నాకూ ఉండేది, ఆరు సార్లు హెల్గెన్ (మొదట్లో డ్రాగన్ తగలబెట్టే ఆ ఊరు) లో తల నరికించుకోబోయినోణ్ణి.

ఈ గేమ్ లో రేస్ అంటే మొదటి రెండు మూడు గంటల తేడా మాత్రమే. ఒక స్కిల్ లో 10 పాయింట్లు, ఇంకో ఐదు స్కిల్స్ లో ఐదేసి ఎక్కువిస్తుంది, మిగతావన్నీ అందరికీ 15 దగ్గరే మొదలు. ఆ పైన ఒకటో రెండో ప్రత్యేకాలు, నార్డ్ కి చలి దెబ్బ సగమే తగుల్తుంది, బ్రెటన్ కి మ్యాజిక్ దెబ్బలు 25 శాతం తగ్గుతాయి, మీ ఖజీట్ కి చీకట్లో కనిపిస్తుంది. అంతే. నువ్వు కత్తి తిప్పితే కత్తి స్కిల్ పెరుగుతుంది, మంట విసిరితే మంట స్కిల్ పెరుగుతుంది, దెబ్బలు తింటే ఆర్మర్ స్కిల్ పెరుగుతుంది. అలా స్కిల్స్ పెరిగితేనే నీ లెవెల్ పెరుగుతుంది. అంటే నువ్వు మొదట్లో ఏం ఎంచుకున్నావన్నది దానికి అక్కర్లేదు, రోజూ ఏం చేస్తున్నావో అదే చూస్తుంది. పిల్లి మొహంతో పెద్ద మంత్రగాడివి అవ్వొచ్చు, ఎవడూ ఆపడు.

హెల్గెన్ లో తిరుగుబాటు సైనికుడు రాలోఫ్ వెనకాల పరిగెత్తావా సామ్రాజ్య సైనికుడు హాడ్వార్ వెనకాల వెళ్ళావా అని కూడా కొంతమంది తెగ బెంగ పడతారు. దాంతో ఏ పక్షమూ ఖాయం అవ్వదు, తర్వాత ఎవరి సైన్యంలో అయినా చేరొచ్చు, అసలు చేరకుండా కూడా తిరగొచ్చు.

గుహ దాటి రివర్‌వుడ్ కి వెళ్ళే దారిలో మూడు నిలువు రాళ్ళు ఉంటాయి చూశావా? వారియర్, మేజ్, థీఫ్. నీకు కావాల్సినదాన్ని తాకితే ఆ రకం స్కిల్స్ 20 శాతం తొందరగా పెరుగుతాయి. రేపు మనసు మారితే మళ్ళీ వచ్చి వేరేది తాకు. నాలుగు సార్లు మొదలెట్టానన్నావు, నాలుగు సార్లూ వాటి పక్కనుంచే పరిగెత్తి ఉంటావు 😄

హెల్త్ మ్యాజికా విషయం... కొత్తలో రెండు సార్లు హెల్త్ కి వేస్తే ఒకసారి నువ్వు వాడేదానికి వెయ్యి. స్టామినాకి వేస్తే మొయ్యగలిగే బరువు కూడా 5 పెరుగుతుంది, కానీ బరువు కోసమని స్టామినాకే పోసుకుంటూ పోతే ఎలుగుబంటి ఒక్క చరుపుకి పోతావ్. లెవెల్ అప్ అని పైన చూపించగానే నొక్కాలని కూడా లేదు. అట్టిపెట్టుకో, గొడవలో చావు దగ్గరకొచ్చినప్పుడు స్కిల్స్ మెనూ తెరిచి నొక్కితే మూడూ నిండిపోతాయి. ఫ్రీగా ఒక ప్రాణం దాచుకున్నట్టే.

ఆ పొడుగాటాయన జెయింట్. పైకెగరడం బగ్గే, కానీ జనానికి తెగ నచ్చేసిందని కావాలనే ఉంచేశారు. నువ్వు మీదకెళ్ళకపోతే ఆయన నీ జోలికి రాడు, ఆయన మామ్మత్‌ల జోలికి మాత్రం పోకు. లెవెల్ ఇరవై దాటాక వెళ్ళి లెక్క తేల్చుకో.

నిద్రలేనిరాత్రి:

బరువు సంగతి నేను చెప్తా, ఎందుకంటే మొదటి నెలంతా నేను బుట్టలు, చీపుళ్ళు, పళ్ళేలు ఏరుకుని తిరిగినదాన్ని. కనిపించిందల్లా తియ్యకండి! మొదట్లో మీరు మొయ్యగలిగేది 300. ఒక ఐరన్ ఆర్మరే 30 తినేస్తుంది. సమాధుల్లో ఆ డ్రాగర్‌లు (లేచొచ్చే శవాలు) చచ్చాక పడేసే పాత గొడ్డళ్ళు, పెద్ద కత్తులు అయితే బరువుకి బరువు, అమ్మితే చిల్లర. నా లెక్క ఏంటంటే వస్తువు ధరని బరువుతో భాగిస్తే పది కూడా రాకపోతే అక్కడే వదిలేస్తా. ఉంగరాలు, రత్నాలు, పోషన్లు, మంత్రం ఉన్న సామాన్లు ఇవి తీసుకోండి చాలు. గోల్డ్ కీ లాక్‌పిక్‌లకీ బాణాలకీ బరువే ఉండదు కాబట్టి అవి ఎక్కడ కనిపించినా తీసేయండి.

అమ్మేటప్పుడు ఇంకో చిక్కు, షాపువాడి దగ్గర కూడా డబ్బు కొంతే ఉంటుంది. అయిపోతే గేమ్ లో రెండు రోజులు ఆగితే మళ్ళీ వస్తుంది, వెయిట్ (ఆగడం) బటన్ నొక్కేసి కూర్చోవచ్చు. ఎర్ర అక్షరాలతో కనిపించేవి తీస్తే దొంగతనం, అవి మామూలు షాపుల్లో కొనరు. నేను ఒకసారి ఎవరింట్లోనో బల్ల మీద యాపిల్ కనిపిస్తే తీసుకున్నా, గార్డ్ వెంటపడ్డాడు. కోడి జోలికి కూడా వెళ్ళకండి. రివర్‌వుడ్ లో కోడిని చంపితే ఊరు ఊరంతా కత్తులు తీసుకుని మీద పడుతుంది, నేను జోక్ చెయ్యట్లేదు.

పోషన్లు కొనకండి, కాచుకోండి. దారి పక్కన నీలం పూలు ఉంటాయి, బ్లూ మౌంటెన్ ఫ్లవర్ అని, వాటిని వైట్‌రన్ బయట పొలాల్లో దొరికే గోధుమలతో కలిపితే హెల్త్ పోషన్. ఏ దినుసు ఏం చేస్తుందో తెలీకపోతే ఒకటి నోట్లో వేసుకోండి, దాని మొదటి గుణం బయటపడుతుంది. మిగిలింది అమ్ముకుంటే కత్తి డబ్బులు వచ్చేస్తాయి, పైగా ఆల్కెమీ స్కిల్ పెరిగి లెవెల్ కూడా పెరుగుతుంది.

ఇక సేవ్. పిసి అయితే ఎఫ్5 తో క్విక్‌సేవ్, ఎఫ్9 తో తిరిగి లోడ్. కానీ ఆ ఒక్కదాన్నే నమ్ముకోకండి, అప్పుడప్పుడూ మెనూలోకి వెళ్ళి విడిగా కొత్త సేవ్ పెట్టుకోండి. ఒకసారి కొండ మీంచి పడుతూ గాల్లో ఉండగా అలవాటు మీద ఎఫ్5 కొట్టా. లోడ్ చేస్తే గాల్లో, చస్తా, లోడ్ చేస్తే మళ్ళీ గాల్లో. వేరే సేవ్ లేదు. మూడు గంటల ఆట పోయింది.

బాణాలబుజ్జి:

మెయిన్ కథ వదిలేసి తిరుగు బ్రో, ఎవడు చెప్పినా వినకు. వైట్‌రన్ లో డ్రాగన్‌స్టోన్ అనే రాతి పలక అప్పగించి ఆ వాచ్‌టవర్ దగ్గర మొదటి డ్రాగన్ ని చంపేదాకా బయటెక్కడా డ్రాగన్‌లు తిరగవు. అదయ్యాక ఇంక ప్రశాంతత ఉండదు, పూలు కోసుకుంటుంటే కూడా నెత్తి మీద రెక్కల చప్పుడే. ముందు లెవెల్ పదిహేను దాకా ఊళ్ళు తిరుగు, విల్లు పట్టు, వంగి నడువు. కనబడకుండా బాణం వేస్తే రెట్టింపు దెబ్బ, స్నీక్ (చాటుగా నడిచే స్కిల్) లో పెర్క్ (అదనపు బలం) తీసుకుంటే మూడు రెట్లు. నీ పిల్లికి స్నీక్ మొదటే ఎక్కువ ఉంటుంది కూడా.

పాతకత్తి:

@బాణాలబుజ్జి వచ్చేశావా. ఏ థ్రెడ్ చూసినా విల్లే. నిజం చెప్పాలంటే ఈ గేమ్ లో ఎవడు ఎలా మొదలెట్టినా చివరికి చీకట్లో వంగుని బాణాలే వేస్తాడు, నేను కూడా అంతే, అందుకే కొత్తోడికి ముందే చెప్పి ఆ సరదా చెడగొట్టకు.

మెయిన్ కథ గురించి మాత్రం నేను ఒప్పుకోను. ఆ మొదటి డ్రాగన్ దాకా ఆడితేనే షౌట్ (అరుపుతో వేసే శక్తి) వస్తుంది, మనతో తిరిగే యోధురాలు లిడియా వస్తుంది. ఒంటరిగా దెబ్బలు తినేకంటే ముందు ఒక మనిషి ఉంటే కొత్తోడికి సగం కష్టం తీరుతుంది. శత్రువు కొడితే ఆమె మోకాళ్ళ మీద కూలబడుతుంది గానీ చావదు, నీ దెబ్బ పొరపాట్న తగిలితే మాత్రం చావొచ్చు, కాబట్టి ఆమె ముందుండగా మంటలు విసరకు. సామాన్లు కూడా మోస్తుంది. అంతదాకా ఆడి అక్కడ ఆగు, ఆ తర్వాత ఊళ్ళన్నీ తిరుగు.

నిద్రలేనిరాత్రి:

లిడియాకి బరువు లిమిట్ ఉంది కానీ కింద పడేసి "అది తీసుకో" అని ఆర్డర్ వేస్తే లిమిట్ దాటినా తీసుకుంటుంది 🙈 పాపం అనుకోండి, కానీ డ్రాగన్ ఎముక ఒక్కోటి 15 బరువు, ఎవరో ఒకరు మొయ్యాలిగా.

పొద్దెరగనోడు:

థాంక్స్ అందరికీ. ఖజీట్ ని ఉంచేశా. వెనక్కెళ్ళి ఆ రాళ్ళు వెతికా, నిజంగానే రోడ్డు పక్కనే ఉన్నాయి, సిగ్గేసింది. థీఫ్ తాకా.

ఇప్పుడు బ్లీక్ ఫాల్స్ బారో అనే పాత సమాధిలో ఉన్నా. పెద్ద సాలీడుని చంపాక గూటిలో చిక్కుకున్నవాడొకడు విడిపించమని బతిమాలాడు, బంగారు పంజా ఇస్తానన్నాడు. గూడు కోశానో లేదో లోపలికి పరిగెత్తాడు! నాకేం అర్థం కాలేదు, వెనకాలే వెళ్తే రెండు గదుల అవతల చచ్చి పడున్నాడు. పంజా తీసుకున్నా కానీ ఇప్పుడు మూడు రింగులున్న తలుపొకటి అడ్డమొచ్చింది, ఎలా తిప్పినా బాణాలు కొడుతోంది. లిడియా లేదు, పోషన్లు రెండే ఉన్నాయి, జవాబు చెప్పెయ్యండి.

నిద్రలేనిరాత్రి:

జవాబు చెప్పను 😌 ఇన్వెంటరీ తెరిచి ఆ పంజాని తిప్పి తిప్పి చూడండి. అరచెయ్యి వైపు.

తలుపు తెరుచుకున్నాక లోపల పెద్ద హాలు, చివర్న చెక్కిన గోడ, పాట పాడుతున్నట్టు గొంతులు వినిపిస్తాయి. గోడ దగ్గరికి వెళ్ళేముందు సేవ్ పెట్టుకోండి. విడిగా, ఎఫ్5 కాదు. పక్కనున్న శవపేటిక మూత వైపు ఒక కన్నేసి ఉంచండి.

బాణాలబుజ్జి:

దూరంగా నిలబడి విల్లు ఎక్కుపెట్టి ఉంచు. అంతే చెప్తా.

పొద్దెరగనోడు:

ఎలుగుబంటి, రెక్కల పురుగు, గుడ్లగూబ!!! చేతిలోనే పెట్టుకుని అరగంట బాణాలు తిన్నా. ఆ మూత ఎగిరి పడ్డప్పుడు నేనూ కుర్చీలోంచి లేచా. మూడు సార్లు చచ్చా, నాలుగోసారి మెట్ల మీద నుంచి బాణాలతో పడగొట్టా (బుజ్జీ, నువ్వు గెలిచావు). డ్రాగన్‌స్టోన్ ఇచ్చేశా, వాచ్‌టవర్ కూడా అయిపోయింది, చంపింది నేనా గార్డులా అన్నది వదిలేయండి. ఇప్పుడు ఎవరో ముసలాళ్ళు కొండ మీద నుంచి పిలుస్తున్నారు, ఏడు వేల మెట్లంట. లిడియాని వెంటబెట్టుకుని ఇవార్‌స్టెడ్ నుంచి ఎక్కడం మొదలెట్టా, మంచు బాగా కురుస్తోంది, మ్యూజిక్ కూడా బావుంది, దారిలో ఏమైనా ఉంటుందా?

పాతకత్తి:

ఎక్కడిదాకా వచ్చావ్?

పొద్దెరగనోడు:

సగం దాటా అనుకుంటా. పైన బండల మీద ఏదో తెల్లగా కదులుతోంది, కోతిలా ఉంది.

పాతకత్తి:

అది ఫ్రాస్ట్ ట్రోల్. దాని గాయాలు వాటంతటవే మానిపోతుంటాయి, ఆగి ఆగి కొడితే లాభం లేదు. దానికి మంటంటే పడదు, నీకు మొదట్నించీ ఉన్న ఫ్లేమ్స్ మంత్రం వాడు, లిడియా పక్కకి తప్పుకున్నాకే. వీల్లేకపోతే పైకి పరుగెత్తు, వెనక్కి చూడకు.

పొద్దెరగనోడు:

చచ్చా. చివరి సేవ్ ఇవార్‌స్టెడ్ లో ఉంది.

నిద్రలేనిరాత్రి:

విడిగా సేవ్ పెట్టమన్నానా లేదా 😂